ఓఎల్‌ఈడీ మూడేళ్లు, మినీ ఎల్‌ఈడీ ఐదు నెలలు: మా హాల్లో రెండు టీవీలు

2021 దసరాకి 1,19,000 రూపాయలు పెట్టి 55 అంగుళాల ఓఎల్‌ఈడీ టీవీ కొన్నాను. మాది విశాఖలో ఎంవీపీ కాలనీ, రెండో అంతస్తు, తూర్పు బాల్కనీ. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బంది ఈ రకం తెరలన్నిటికీ ఉన్నదే.

బొమ్మ గురించి ముందు చెప్పాలి. రాత్రి లైట్లు ఆపి సినిమా పెడితే చీకటి సీన్లో తెర ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఇందులో తెర మీది ఒక్కో చుక్క (పిక్సెల్) తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. అంత నలుపు నేను ఇంకే టీవీలోనూ చూడలేదు.

మొన్న సంక్రాంతికి అందరం చేరి తమ్ముడి పెళ్లి వీడియో పెట్టుకున్నాం. మంగళస్నానాల దగ్గర పసుపు నీళ్లతో తడిసిన బట్టల మీద, తెర అడుగున బెత్తెడు వెడల్పున లేత ఆకుపచ్చ పట్టీ కనబడింది. ముందు వీడియో పాడైందనుకున్నాను. కుడివైపు పైన చూస్తే నాన్న రోజూ పెట్టే న్యూస్ చానల్ లోగో ఆకారం మసగ్గా కనబడుతోంది. "ఏటమ్మా, ఈ గీత ఏటిది?" అని నాన్నే అడిగారు. నాకు నోట మాట రాలేదు.

సర్వీస్ అబ్బాయి వచ్చి పెన్‌డ్రైవ్ లోంచి తెర నిండా ఒక్కో రంగూ వేసి చూపించాడు. తెలుపులో పెద్దగా తేడా లేదు. ఎరుపు వేయగానే అడుగున నల్లటి పట్టీ, స్క్రోలింగ్ వచ్చే చోటే, గీత గీసినట్టు. ఆ చానల్లో స్క్రోలింగ్ ఎర్ర రంగు మీదే నడుస్తుంది. అక్కడి ఎరుపు చుక్కలు రోజూ వెలిగి వెలిగి మిగతావాటికంటే ముందే నీరసించాయి. అందుకే పసుపు రంగులో ఎరుపు పాలు తగ్గి ఆకుపచ్చ పైకి తేలింది. దీన్ని బర్న్ ఇన్, అంటే కాలిపోవడం, అంటారు గానీ కాలిందేమీ లేదు. అందరూ కాలుపెట్టే చోటే మెట్టు అరిగినట్టు, ఇది అరుగుదల.

లెక్క వేసుకున్నాను. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యాక వార్తలే ఆయన కాలక్షేపం. రోజుకి 10 గంటలు, ఏడాదికి 3,650 గంటలు, మూడేళ్లకి దాదాపు 11,000 గంటలు ఒకటే పట్టీ, ఒకటే లోగో. దానికితోడు పొద్దున బాల్కనీలోంచి ఎండ తెర మీద పడుతుంది కాబట్టి బ్రైట్‌నెస్ ఎప్పుడూ చివరిదాకా పెట్టే ఉండేది. వెలుగు పెంచేకొద్దీ చుక్కలు తొందరగా అరుగుతాయి.

అసలు కారణం ఇంకొకటి ఉంది. నాలుగు గంటలకు మించి చూశాక రిమోట్‌తో ఆపితే, మా టీవీ కొన్ని నిమిషాలపాటు తనలో తాను చుక్కల్ని కొలుచుకుని, తేడాలు సరిచేసుకుంటుందట. దానికి కరెంటు ఉండాలి. మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ ఆపేయడం ఆనవాయితీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, రోజుల తరబడి కరెంటు లేక, తిరిగి వచ్చినప్పుడు హెచ్చు వోల్టేజీకి మా పాత టీవీ పోయింది. అప్పటి నుంచీ నాన్న ఒక్క రాత్రి కూడా స్విచ్ ఆపడం మరిచిపోలేదు. అంటే మూడేళ్లూ ఆ టీవీకి సరిచేసుకునే వీలే ఇవ్వలేదు. ఈ సంగతి కొనేటప్పుడు ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది. నాకు ఇప్పటికీ బాధ.

ప్యానెల్, అంటే తెర, మార్చడానికి 78,000 అన్నారు. వారంటీలో ఇది రాదన్నారు. అందుకని ఈసారి వెనకనుంచి లైటు వేసే ఎల్‌సీడీ జాతిలోనే చూద్దామని ద్వారకానగర్ వెళ్లాను. క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ రెండూ ఒకటేనని అక్కడి కుర్రాడు చెప్పాడు. కాదు. క్యూఎల్‌ఈడీ ఎల్‌సీడీయే, వెనక లైటు ఉంటుంది, క్వాంటమ్ డాట్లనే అతి సూక్ష్మమైన కణాల వల్ల రంగులు బాగుంటాయి, అంతే. ఎల్‌సీడీల్లో ఐపీఎస్, వీఏ అని రెండు రకాల ప్యానెళ్లున్నాయి, షాపులో అటువైపు లైట్లు ఆపించి రెండూ చూశాను. ఐపీఎస్ ప్యానెల్ పక్కనుంచి చూసినా రంగు మారలేదు గానీ నలుపు బూడిదలా ఉంది. వీఏ ప్యానెల్లో నలుపు బాగుంది, పక్కకి జరిగితే మొహాలు పాలిపోతున్నాయి. చివరికి వీఏ ప్యానెల్ ఉన్న మినీ ఎల్‌ఈడీ, అదే 55 అంగుళాలు, 64,000కి తెచ్చాను.

ఐదు నెలలైంది. పొద్దున ఎండలో కర్టెన్ వేయకుండానే నాన్న స్క్రోలింగ్ చదువుకుంటున్నారు. వెలుగు విషయంలో పాతది దీని దగ్గరికి రాదు. వెనకాల చిన్న చిన్న లైట్లు గుంపులు గుంపులుగా వెలిగి ఆరుతుంటాయి కాబట్టి నలుపు కూడా ఫర్వాలేదు. కానీ చీకటి సీన్లో సబ్‌టైటిల్ వస్తే అక్షరాల చుట్టూ పొగలా వెలుగు అంటుకుంటుంది. పాత తెరకి అలవాటుపడ్డ కంటికి అది గుచ్చుకుంటుంది. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూరలు తరుగుతూ సీరియల్ చూస్తుంది. అక్కణ్నుంచి రంగులు వెలిసినట్టే ఉంటాయి. గోడకి బిగించిన స్టాండు మార్పించి టీవీని కొంచెం అటు తిప్పాక నయం. ఎల్‌సీడీకీ రోగాలున్నాయి, వెనక లైట్లు పోతే తెర మీద నల్ల మచ్చలు పడతాయి. కానీ స్క్రోలింగ్ పట్టీ అచ్చుపడిపోతుందన్న టెన్షన్ లేదు.

ఇంట్లో రోజంతా న్యూసో, స్కోరు పట్టీతో క్రికెట్టో నడిచేవాళ్లకి నేను మినీ ఎల్‌ఈడీయే చెబుతాను. రాత్రిపూట రెండు గంటలు రకరకాల సినిమాలు చూసేవాళ్లు నిశ్చింతగా ఓఎల్‌ఈడీ కొనుక్కోవచ్చు, గోడ స్విచ్ మాత్రం ముట్టుకోకుండా ఉంటే.

పాతది ఇప్పుడు నా గదిలో ఉంది. దాని స్విచ్ మీద టేపు అంటించాను. మెనూలో ప్యానెల్ సరిచేసే ఆప్షన్ పెట్టి గంటసేపు వదిలేశాక లోగో మసక కొంత తగ్గింది. అడుగు పట్టీ మాత్రం పసుపు రంగు వచ్చినప్పుడల్లా అలాగే కనబడుతోంది.