ల్యాబ్‌కి సేఫ్టీ గ్లాసెస్సా, గాగుల్సా?

గుంటూరులో ఇంటర్ ప్రాక్టికల్స్‌కి రెడీ అయ్యేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, కెమిస్ట్రీకి గాగుల్స్, ఫిజిక్స్‌లో స్ప్రింగులూ తీగలకైతే గ్లాసెస్ చాలు.

గ్లాసెస్ తేలిగ్గా ఉంటాయి, గాలి ఆడుద్ది, మన ఉక్కపోతలో కూడా పెట్టుకోగలం, పాలికార్బొనేట్ లెన్స్ అయితే పగిలిన టెస్ట్‌ట్యూబ్ ముక్క ఎదురుగా ఎగిరొచ్చినా ఆపుద్ది. కానీ పైనా కిందా సందులుంటాయి కదా, నుదుటి మీద పడ్డ చుక్క జారితే నేరుగా కంట్లోకే.

గాగుల్స్ ముఖానికి చుట్టూ అతుక్కుంటాయి. కొనేటప్పుడు గాలి రంధ్రాలు చూడండి, తిన్నగా చిల్లులు పొడిచినవి వద్దు, ద్రవం కూడా అందులోంచే వస్తది, అడ్డం ఉన్న ఇండైరెక్ట్ వెంట్స్ కావాలి. అమెరికా జెడ్87.1 స్టాండర్డ్‌వి అయితే డీ3 అనే ముద్ర ఉందో లేదో చూస్కోండి, స్ప్లాష్‌కి అదే గుర్తు. చెమటకి మసకేస్తాయి, అదే చిరాకు, యాంటీఫాగ్ కోటింగ్ ఉన్నవి కాస్త నయం. పవర్ కళ్ళజోడు ఉన్నోళ్ళు దానిమీద పట్టే సైజు అడగండి (కళ్ళజోడు ఉందిగా చాల్లే అనే బ్యాచ్ ప్రతి కాలేజీలో ఉంటది లెండి).

సాల్ట్ ఎనాలిసిస్‌లో సల్ఫ్యూరిక్ యాసిడ్ అనగానే అందరూ వణుకుతారు, టైట్రేషన్‌లో సోడియం హైడ్రాక్సైడ్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు, అసలు క్షారాలే కంట్లోకి ఇంకా లోతుగా దిగుతాయి. ఏది పడినా కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగండి, కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీసేయండి, ఆ తర్వాతే ఆటో ఎక్కి జీజీహెచ్‌కి (గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి).