జాగ్రత్త: ఏడాది ప్లాన్ కట్టించుకుని కథ సగంలో వదిలేస్తున్నారు

కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. చల్లారాక అయితే 'పోనీలే' అనుకుని ఊరుకుంటాను, రేపు మీలో ఇంకొకరు ఇదే గోతిలో పడతారు. సినిమాలు, సిరీస్‌లు చూసే ఓటీటీ యాప్ సంగతి ఇది, పేరు మాత్రం అడగకండి. చెప్పినా పెద్ద తేడా ఉండదు, ఆ వరసలో ఏ ఐకాన్ నొక్కినా జరిగేది ఇంచుమించు ఇదే.

సంగతి ఏమిటంటే, ఒకే ఒక్క సిరీస్ కోసం ఏడాది ప్లాన్ కట్టాను. కట్టినప్పుడు యాడ్స్ లేవు. కొన్నాళ్ళకి ఒక మెయిల్ వచ్చింది, "మీ వీక్షణ అనుభవాన్ని మరింత మెరుగుపరచడానికి పరిమితంగా ప్రకటనలు ప్రవేశపెడుతున్నాం" అని. యాడ్స్ వేస్తే అనుభవం మెరుగుపడుతుందట! వద్దనుకుంటే ఇంకొంత పైన కట్టాలట. ఏడాది డబ్బు ముందే వాళ్ళ చేతిలో పెట్టేశాను కదా, ఇంక నేనెక్కడికి పోతాను? నోరు మూసుకుని కూర్చున్నాను.

సిరీస్ బాగుంది. అసలు బాధంతా అక్కడే. చెత్తగా ఉంటే రెండో ఎపిసోడ్‌కే ఆపేసి పడుకునేదాన్ని. తప్పిపోయిన కొడుకు కోసం ఒక తల్లి వెతుకుతూ ఉంటుంది, ఎనిమిది ఎపిసోడ్లూ మనల్ని ఆవిడ వెనకాలే నడిపించారు. చివరి ఎపిసోడ్ చివర్లో ఆవిడ ఒక తలుపు ముందు నిలబడుతుంది. లోపల గొళ్ళెం తీసిన చప్పుడు. సరిగ్గా అక్కడ యాడ్. షాంపూ యాడ్. అక్కడ ఎవరిదో జుట్టు గాల్లో ఎగురుతోంది, ఇక్కడ నాకు ఊపిరాడట్లేదు. యాడ్ అయ్యాక తలుపు తెరుచుకుంది. లోపలున్న మనిషి మనకి కనబడడు, ఆవిడ ముఖం ఒక్కటే కనబడుతుంది. పెదవులు కదిలాయి. "నువ్వా..." అంది. అంతే. తెర కుంచించుకుపోయి ఆవిడ ముఖం తపాలా బిళ్ళంతయి ఓ మూలకి చేరింది. మిగతా తెరంతా ఏదో పాటల పోటీ ట్రైలర్, దాని కింద ఐదు, నాలుగు, మూడు అంటూ అంకెలు. రిమోట్ దొరకబుచ్చుకునేలోపే జడ్జిలు చప్పట్లు కొట్టేస్తున్నారు.

సర్లే, రెండో సీజన్ ఉంటుందిగా అని సర్దిచెప్పుకున్నాను. నిన్న రాత్రి తెలిసింది, ఉండదట. ఆపేశారు. యాప్‌లో ఎక్కడా ఆ ముక్క లేదు. పైగా హోమ్ పేజీలో 'తప్పక చూడండి' అని ఇప్పటికీ అదే బొమ్మ, అదే తల్లి, అదే తలుపు.

కస్టమర్ కేర్ చాట్ తెరిచాను. ముగింపు లేని సిరీస్‌ని ఆపేసినట్టు చెప్పకుండా ఇంకా అమ్ముతున్నారు, మధ్యలో యాడ్స్ తగిలించారు, మిగిలిన నెలల డబ్బు వెనక్కివ్వండి అని రాశాను. మర్యాదగానే రాశాను, అప్పటికింకా మర్యాద మిగిలి ఉంది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. ఎపిసోడ్ మధ్యలో ఎక్కడైనా ఆగిపోయిందా?"

ఎపిసోడ్ కాదండీ, కథ ఆగిపోయింది అన్నాను.

"ఎనిమిది ఎపిసోడ్లూ పూర్తిగా ప్లే అయినట్టు మా రికార్డుల్లో కనిపిస్తోందండీ. సరేనా?"

సరే, అయ్యాయి.

"అయితే మా వైపు నుంచి సర్వీసు పూర్తిగా అందినట్టే కదండీ."

ఈ ఒక్క వాక్యం దగ్గరే రాత్రంతా ఆగిపోయాను. తిట్టినా ఇంత మండేది కాదు. అందులో అబద్ధం లేదు మరి! వాళ్ళ లెక్కలో నాకు అమ్మింది కథ కాదు, ఇన్ని గంటల ఇన్ని నిమిషాల వీడియో. నిమిషాలన్నీ అందాయి, రికార్డు ఉంది, ఫైలు మూసేయొచ్చు. ఆ తల్లికి కొడుకు దొరికాడో లేదో అన్నది సర్వీసు కిందికి రాదు. అవతల రాస్తున్నది మనిషో బాటో తెలీదు, మనిషే అయితే పాపం ముందున్న స్క్రిప్టు చూసి కొడుతున్నారు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఆ స్క్రిప్టు కూర్చుని రాసిన పెద్దమనిషి మీదే.

తర్వాత, "మీకు నచ్చే మరికొన్ని టైటిల్స్ సూచించమంటారా?" అని ఒక జాబితా వచ్చింది. మొదటి పేరు ఏమిటో ఊహించండి. అదే సిరీస్.

ఆ పైన రేటింగ్ అడిగారు. ఒక్క స్టార్ ఇచ్చాను. 'ఏం నచ్చలేదో ఎంచుకోండి' అని నాలుగు గళ్ళు: వీడియో నాణ్యత, శబ్దం, సబ్‌టైటిల్స్, ఇతరాలు. కథకి గడే లేదు. ముగింపు లేకపోవడం 'ఇతరాలు' కింద పోయింది.

జనానికి సినిమాలు, టీవీ షోల మీద ఆసక్తి ఎందుకు పోతోందని పెద్దపెద్ద చర్చలు పెడుతుంటారు. ఏకాగ్రత తగ్గిందట, రీల్స్ మనల్ని పాడుచేశాయట. అయ్యా, ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్న మనుషులకి మీరు చేసిన మర్యాద ఇది. ఏకాగ్రత సంగతి తర్వాత చూద్దాం.

నా ఒక్కదాని గోల అనుకోకండి. 2022 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో '1899' వచ్చింది, ఓడలో జరిగే మిస్టరీ. తీసినవాళ్ళు మూడు సీజన్ల కథ అనుకున్నారు. 2023 జనవరి మొదట్లోనే ఒక్క సీజన్‌తో ఆపేశారు. ఆ నెలలోనే ఆ కంపెనీ పెద్ద టెడ్ సరాండోస్ ఒక ఇంటర్వ్యూలో, సక్సెస్ అయిన షోని మేమెప్పుడూ ఆపలేదు, ఆపినవి పెద్ద బడ్జెట్‌తో చిన్న ప్రేక్షక వర్గాన్ని చేరినవే అన్న అర్థంలో చెప్పారు. వ్యాపారం ప్రకారం సబబే కావచ్చు. కానీ ఆ చిన్న వర్గంలో ఉన్నామని మనకి ఎప్పుడు తెలుస్తుంది? చందా కట్టి, మొత్తం చూసి, తలుపు దాకా వెళ్ళాక.

కనీసం తీసిన సీజన్లైనా యాప్‌లో ఉంటాయా అంటే అదీ నమ్మకం లేదు. 'వెస్ట్‌వరల్డ్'ని 2022 నవంబరులో ఆపేసి, డిసెంబరులో హెచ్‌బీఓ మ్యాక్స్ నుంచే తీసేశారు. 'విల్లో' సిరీస్ 2022 నవంబరు చివర డిస్నీ ప్లస్‌లో మొదలైంది, 2023 మే నెలకల్లా అక్కడ లేదు. ఎక్కడి నుంచో తెచ్చుకున్నవి కూడా కాదు, ఆ సంస్థలు సొంతంగా తీసినవే. ఇంక వార్నర్ బ్రదర్స్ అయితే 'బ్యాట్‌గర్ల్' సినిమాని షూటింగ్ అయ్యాక, సుమారు 9 కోట్ల డాలర్లు పెట్టాక, విడుదలే చేయబోమని 2022 ఆగస్టులో చెప్పేసింది. బయటికి వదలడం కన్నా పన్ను లెక్కల్లో నష్టం కింద రాసుకోవడమే లాభమని లెక్క తేలిందని అప్పట్లో వార్తలొచ్చాయి.

అన్నీ 2022, 2023 చుట్టూనే ఎందుకున్నాయంటే, 2022 మొదటి మూడు నెలల్లో నెట్‌ఫ్లిక్స్‌కి 2 లక్షల చందాదారులు తగ్గారు, పదేళ్ళలో మొదటిసారి. షేరు కుప్పకూలింది. అప్పటిదాకా 'ఎంతమంది చేరారు' అని అడిగిన మదుపర్లు ఆ రోజు నుంచి 'లాభమెంత' అని అడగడం మొదలెట్టారు. ఆ టెన్షన్ తీసుకొచ్చి మన నెత్తిన దించారు. అదే ఏడాది నవంబరులో యాడ్స్ ప్లాన్ వచ్చింది, మరుసటి ఏడాది పాస్‌వర్డ్ పంచుకోవడం మీద పట్టు బిగించారు, మిగతావాళ్ళు వెనకే నడిచారు. అమెరికాలో 2022లో 599 స్క్రిప్టెడ్ సిరీస్‌లు (కథ రాసుకుని తీసేవి) వచ్చాయని ఎఫ్ఎక్స్ చానెల్ వాళ్ళ లెక్క, మరుసటి ఏడాది అవి 516కి దిగాయి. తగ్గిన వాటిలో హాలీవుడ్ రచయితల సమ్మె వాటా కూడా ఉంది, నిజమే. ఆ సమ్మె 2023లో 148 రోజులు సాగింది. అందుకే చెప్తున్నా, కోపం వచ్చి రాసినవాళ్ళని తిట్టకండి. వాళ్ళకీ మూడో సీజన్ వరకూ కథ ఉంటుంది, మనలాగే బయట నిలబడి ఉంటారు.

మా అక్క ఎప్పుడో చెప్పింది. "అన్ని సీజన్లూ అయిపోయాక, ముగింపు ఉందని తెలిశాక చూడవే. లేకపోతే ముట్టుకోకు." విన్నానా? నాకు తెలివెక్కువ కదా, మొదటి రోజే చూసేయాలి. ఇప్పుడు నవ్వుతోంది.

కానీ అక్క పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. ఆగి చూద్దామని జనం ఆగితే మొదటి వారాల్లో చూసేవాళ్ళు తగ్గుతారు. ఈ కంపెనీలు షో బతకాలో చావాలో తేల్చేది ముఖ్యంగా ఆ మొదటి లెక్కలు చూసే. నెట్‌ఫ్లిక్స్ అయితే 'ఎక్కువమంది చూసినవి' పట్టికకి కూడా మొదటి 91 రోజులే లెక్కేస్తుంది. మనం భయపడి ఆగుతాం, చూడట్లేదని వాళ్ళు ఆపేస్తారు, ఆపేశారని మనం ఇంకా భయపడతాం. నమ్మకం ముందు పోగొట్టింది ఎవరో మాత్రం మర్చిపోకండి.

ఆపకుండా నడిపించినా మాత్రం? 'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో సీజన్ 2022లో వస్తే ఐదోది 2025 నవంబరులో మొదలైంది. బడి పిల్లలుగా మొదలైనవాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు, మనం కథ సగం మర్చిపోయాం. ఒకప్పుడు అమెరికన్ టీవీలో ఒక్కో సిరీస్‌కి ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు వచ్చేవి. ఇప్పుడు ఎనిమిది ఇచ్చి మూడేళ్ళు కనబడరు.

థియేటర్‌కి పోదామంటే అక్కడ ఇంకో రకం. 2023లో 'స్పైడర్ మ్యాన్: అక్రాస్ ద స్పైడర్ వర్స్' వచ్చింది. 2021లో పేరు ప్రకటించినప్పుడు అందులో 'పార్ట్ వన్' ఉండేది. తర్వాత తీసేశారు. హాల్లో కూర్చుని కథ ముడి పడ్డాక 'సశేషం' పడింది. తర్వాతి భాగం 2024 మార్చి అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. సినిమా చాలా బాగుంది, ఒప్పుకుంటాను. బాగున్నవాటితోనే మనల్ని కట్టేస్తున్నారు. 2024లో ప్రపంచమంతటా ఎక్కువ వసూలు చేసిన మొదటి పది హాలీవుడ్ సినిమాల్లో 'వికెడ్' తప్ప మిగతావన్నీ ఏదో ఒకదానికి కొనసాగింపో, ముందు కథో. 'వికెడ్' ఒక్కటే కొత్తది అనుకుంటే అదీ స్టేజ్ నాటకం నుంచి వచ్చిందే, అదీ సగమే, రెండో సగం 2025లో.

అవే ఆడుతున్నాయి కదా, జనం చూస్తున్నారు కదా అని మీరు అడగొచ్చు. చూస్తున్నారు. తెలిసిన పేరైతే కనీసం మోసపోమని చూస్తున్నారు. కొత్త కథ మీద పెట్టే నమ్మకమే పోయింది. నిజంగా విసిగినవాళ్ళు ఎటు పోయారో కూడా కనబడుతూనే ఉంది. టీవీ ఎవరెంత చూస్తున్నారో లెక్కించే నీల్సన్ సంస్థ ప్రకారం 2025 మే నెలలో అమెరికాలో టీవీ తెర మీద గడిపిన సమయంలో యూట్యూబ్ ఒక్కదానికే 12.5 శాతం, మరే స్ట్రీమింగ్ కంపెనీకీ అంత లేదు. పాత గడియారం బాగుచేసే ఇరవై నిమిషాల వీడియో చూడండి, చివరికి గడియారం తిరుగుతుంది. నిన్న చాట్ మూసేశాక నేను చూసింది అదే.

సరే, ఏం చేయాలో కూడా రెండు ముక్కలు చెప్తాను. ఏడాది ప్లాన్ కట్టకండి, ఎంత డిస్కౌంట్ చూపించినా సరే, నెలది కట్టి చూడాల్సింది చూసి ఆపేయండి. మొదలుపెట్టే ముందు ఆ సిరీస్ ముగిసిందా, ఆపేశారా, నడుస్తోందా అని బయట వెతకండి, యాప్‌లో చెప్పరు. యాడ్స్ లేవని చెప్పిన పేజీకి కట్టేరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నా దగ్గర లేక చాట్‌లో నోరు పెగల్లేదు. తర్వాతి వీడియో దానంతటదే మొదలయ్యే ఆటోప్లేని సెట్టింగ్స్‌లో ఆపేస్తే చివరి సీనైనా పూర్తి తెర మీద చూసే అవకాశం ఉంటుంది.

ఆటో రెన్యూవల్ ఆపేటప్పుడు 'నిజంగా వెళ్ళిపోతారా' అని మూడు నాలుగు పేజీలు తిప్పుతారు, ప్రతిసారీ పెద్ద రంగు బటన్ 'ఉండిపోతాను', చిన్న బూడిద రంగు అక్షరాలు 'ఆపేయండి'. చిన్నదే నొక్కుతూ పోండి. ఆపేసినట్టు మెయిల్ వచ్చేదాకా ఆగినట్టు కాదు, రాకపోతే మళ్ళీ లోపలికెళ్ళి చూసుకోండి.