స్క్విమ్ లావెండర్ ట్రిప్, ఫొటోల కోసం కాదు మొక్కల కోసం

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి జూలై వచ్చిందంటే లావెండర్ తోటల ఊరు స్క్విమ్ గుర్తొస్తుంది, పర్పుల్ చీర కట్టుకుని వరసల మధ్య ఫొటో దిగి రావడం మామూలే. మేం మాత్రం ఈసారి వేరే పని మీద వెళ్లాం. పెరట్లో బాగా ఎండ పడే జాగా ఒకటి ఖాళీగా ఉంది, అందులో లావెండర్ వేద్దామని, దాని పక్కన ఇంకే వాసన మొక్కలు బతుకుతాయో అక్కడే కళ్లారా చూసి కొందామని. అత్తయ్య ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, మరువం దవనం కుండీల్లో ఏళ్ల తరబడి పెంచిన మనిషి, ఇక వేరే ఎక్స్‌పర్ట్ ఎందుకు.

దారి గురించి ముందే చెప్తా. ఎడ్మండ్స్ నుంచి కింగ్‌స్టన్‌కి ఫెర్రీ అరగంటే, కానీ రిజర్వేషన్ ఉండదు, వీకెండ్ ఆలస్యంగా బయల్దేరితే ఫెర్రీలో కంటే లైన్లో ఎక్కువ సేపు కూర్చోవాలి. టకోమా మీదుగా వెళ్తే ఫెర్రీ తప్పుతుంది గానీ హుడ్ కెనాల్ బ్రిడ్జి తప్పదు, అది నీళ్ల మీద తేలే బ్రిడ్జి, నేవీ వాళ్ల సబ్‌మెరైన్లు వెళ్లేటప్పుడు తెరిచేస్తారు, అప్పుడు కార్లన్నీ ఆగాల్సిందే. పులిహోర డబ్బా చేతికందేలా పెట్టుకోండి.

స్టే విషయంలో నాకు మంట. హైవే పక్కన ఒక మోటెల్, ఏసీ లేదు, కిటికీ తీస్తే ట్రక్కుల మోత, మూస్తే ఉక్క, పైగా ఫెస్టివల్ రేటు. జూలై మూడో వీకెండ్ లావెండర్ ఫెస్టివల్, ఆ మూడు రోజులు మానుకుని ముందో వెనకో వీక్‌డేలో వెళ్లండి. పక్క ఊరు పోర్ట్ ఏంజిలిస్‌లో దిగినా అరగంట లోపే, హరికేన్ రిడ్జ్ కొండ కూడా చూసేయొచ్చు.

ఫామ్‌ల సంగతికొస్తే, ఫొటోలకి పేరున్న పెద్ద ఫామ్ ఒకటి మా పనికి అస్సలు పనికిరాలేదు, కనుచూపు మేర ఒకటే రకం, అడిగితే చెప్పే తీరిక ఎవరికీ లేదు. పర్పుల్ హేజ్ అనే ఫామ్‌లో లావెండర్ ఐస్‌క్రీమ్ తినండి, సబ్బు తిన్నట్టుంటుందని భయపడ్డ మా ఆయన రెండోది కూడా తెచ్చుకున్నారు. మాకు అసలు ఉపయోగపడింది నర్సరీ ఉన్న ఒక చిన్న ఫామ్, అక్కడ లావెండర్‌తో పాటు రకరకాల మూలికలు కలిపి వేసిన మడి ఉంది, ఆకు నలిపి వాసన చూడొచ్చు.

అక్కడ ఒకావిడ ముందు నీళ్ల గురించి చెప్పింది, వాసన గురించి తర్వాత. స్క్విమ్ ఒలింపిక్ కొండలకి వాననీడ వైపు, అంటే కొండలు అడ్డుపడి వాన తక్కువ పడే వైపు ఉంది, ఏడాదికి సుమారు 16 అంగుళాల వాన, సియాటిల్లో దానికి రెట్టింపు పైనే. లావెండర్ వేళ్లు తడిలో నానితే కుళ్లిపోతాయి, కాబట్టి పక్కన వేసేది కూడా ఎండనీ, నీళ్లు నిలవని నేలనీ ఓర్చుకునేదై ఉండాలి. థైమ్, సేజ్, రోజ్‌మేరీ, శాంటొలీనా అలాంటివే. పుదీనా, తులసి వద్దు, వాటికి నీళ్లు కావాలి, పుదీనా అయితే భూమిలోపలే పాకి మడంతా ఆక్రమిస్తుంది. గులాబీ పక్కన లావెండర్ ఫొటోలో బాగుంటుంది గానీ గులాబీకి వేసే ఎరువూ నీళ్లూ దీనికి తగిలితే కొమ్మలు సాగి పడిపోతాయి, పూలు తగ్గుతాయి. అంత కావాలంటే రెండు మూడు అడుగులు ఎడం పెట్టి డ్రిప్ గులాబీకే వదలాలి.

మడి చివర కర్రీ ప్లాంట్ అని బోర్డు. వెండిరంగు సన్నాకులు, పసుపు పూలు. అత్తయ్య ఒక రెమ్మ తుంచి వేళ్ల మధ్య నలిపి, ఇంకోసారి నలిపి, "కరివేపాకు ఎక్కడే ఇందులో, మెంతుల డబ్బా మూత తీసినట్టుంది" అన్నారు. నిజంగా అంతే. ఎండకి అది తనంతట తనే ఘాటుగా కొడుతుంది, లావెండర్ దగ్గర పెడితే మెంతులే మిగులుతాయి, వద్దనుకున్నాం. పాకే థైమ్ నాకు బాగా నచ్చింది, అడుగు పడితే తప్ప వాసన రాదు, అందుకే రాళ్ల సందుల్లోకి. లావెండర్‌ని దారి అంచున పెడితే బట్టలు రాసుకుపోయినప్పుడల్లా గుప్పుమంటుంది.

లావెండర్‌లో రకం కూడా చూసుకోవాలి, గ్రోసో అనే రకం మూడడుగుల దాకా గుబురవుతుంది, దాని పక్కన థైమ్ దాని నీడలో చిక్కిపోతుంది. చిన్న జాగాకి హిడ్‌కోట్ చాలు. రోజ్‌మేరీలో చలికి తట్టుకునే ఆర్ప్ రకం తీసుకున్నాం. మరువం కూడా పెట్టాల్సిందే అని అత్తయ్య పట్టుబట్టారు, ఎండా నీళ్లూ లావెండర్‌తో సరిపోతాయి కానీ ఇక్కడి చలికాలం దాటదు, కుండీలో పెట్టి లోపలికి తెచ్చుకోవాలి.

మొక్కలు వెళ్లగానే కొనకండి, తిరుగు ప్రయాణం రోజే కొనండి, ఎండలో ఆపిన కార్లో చిన్న కుండీలు వాడిపోతాయి. ఇంకోటి, వారం మొదట్లో కొన్ని ఫామ్‌లు మూసుంటాయి, బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి.