థండర్‌బర్డ్, జీమెయిల్ వెబ్: పన్నెండేళ్లు రెండూ వాడాక

తెనాలిలో నాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. క్లయింట్లు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ మెయిల్లోనే పంపుతారు. ఆఫీసులో డెస్క్‌టాప్, ఇంట్లో ల్యాప్‌టాప్, జేబులో ఫోన్. జీమెయిల్ అకౌంట్ ఒకటి, ఆఫీసు సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో ఆఫీసు పేరుతో ఉన్న చిరునామా) మీద ఇంకొకటి. కంప్యూటర్లో మెయిల్ చూసుకునే ఉచిత ప్రోగ్రాం థండర్‌బర్డ్‌ని 2013 నుంచి వాడుతున్నాను. జీమెయిల్‌ని బ్రౌజర్లో చూడటమూ మానలేదు.

మొదట్లో డొమైన్ మెయిల్‌ని పాప్ పద్ధతిలో, అంటే మెయిల్‌ని సర్వర్ నుంచి ఒక కంప్యూటర్లోకి దించుకునేలా, ఆఫీసు డెస్క్‌టాప్‌లో పెట్టుకున్నాను. సర్వర్లో చోటు తక్కువ కాబట్టి, దించుకున్న మెయిల్ 14 రోజుల తర్వాత అక్కడ తొలగిపోయేలా సెట్టింగ్ పెట్టాను. 2016 సంక్రాంతికి అత్తగారి ఊళ్లో ఉండగా ఒక క్లయింటు ఫోన్ చేశాడు. "సార్, నవంబర్లో మీకు పంపిన బ్యాలెన్స్ షీటు ఉందా? లోను కోసం బ్యాంకులో అడుగుతున్నారు" అన్నాడు. ఫోన్లో వెతికాను, లేదు. ల్యాప్‌టాప్‌లో లేదు, బ్రౌజర్లో తెరిచినా లేదు. ఉన్న ఒక్క కాపీ తాళం వేసిన ఆఫీసులో ఉంది. కనుమ వెళ్లేదాకా టెన్షనే.

పండగ అయ్యాక చేసిన మొదటి పని ఐమ్యాప్ అనే ఇంకో పద్ధతికి మారడం. ఇందులో అసలు మెయిల్ సర్వర్లోనే ఉంటుంది. ఒకచోట చదివితే మిగతా రెండు చోట్లా చదివినట్టే కనిపిస్తుంది. ఆఫీసులో సగం రాసి డ్రాఫ్ట్‌గా వదిలేసిన జవాబును రైల్లో ఫోన్ మీద పూర్తి చేయొచ్చు. ఒక్క చిక్కు మాత్రం చాలాకాలం వేధించింది. పంపిన మెయిళ్లను ఫోన్ ఒక ఫోల్డర్లో, థండర్‌బర్డ్ మరో ఫోల్డర్లో దాచేవి. ఏ జవాబు ఎక్కడుందో దొరికేది కాదు. అకౌంట్ సెట్టింగుల్లో 'కాపీలు, ఫోల్డర్లు' అనే చోట రెండింటికీ ఒకే సెంట్ ఫోల్డర్ చూపించాక కుదుటపడింది.

రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లకు థండర్‌బర్డే హాయి. రెండు అకౌంట్లూ ఒకే ఇన్‌బాక్స్‌లో కనిపిస్తాయి. రిటర్నుల గడువు రోజున నెట్ పోయినా పాత మెయిళ్లూ, అటాచ్‌మెంట్లూ తెరుచుకుంటాయి, ఎందుకంటే అవి డిస్కులో ఉన్నాయి. దీని విలువ జులై నెలాఖరులో మా ఆఫీసుకొచ్చి చూస్తే తెలుస్తుంది. జీమెయిల్‌ని కలిపేటప్పుడు మాత్రం, జీమెయిల్ సెట్టింగుల్లోని లేబుల్స్ పేజీలో 'ఆల్ మెయిల్'ని (అన్ని మెయిళ్లూ కలిపి చూపే ఫోల్డర్) ఐమ్యాప్‌కి కనిపించకుండా చేయండి. లేకపోతే ఒకే మెయిల్ రెండుసార్లు దిగి డిస్కు నిండిపోతుంది. అప్పుడప్పుడు థండర్‌బర్డ్‌లో ఫోల్డర్లను 'కాంపాక్ట్' చేయాలి, అంటే వృథా చోటును ఖాళీ చేయించాలి. డిలీట్ చేసినవి అప్పటిదాకా ఫైల్లోంచి పూర్తిగా పోవు.

వెతకడంలో జీమెయిల్ వెబ్‌కి సాటిలేదు. స్పామ్ విషయంలోనూ అంతే. వచ్చిన మెయిళ్లను వాటంతటవే సర్దే ఫిల్టర్లు కూడా అక్కడే పెట్టుకోవాలి. థండర్‌బర్డ్‌లో పెట్టిన ఫిల్టర్ ఆ కంప్యూటర్లో థండర్‌బర్డ్ తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తుంది, జీమెయిల్‌ది సర్వర్లో ఎప్పుడూ పనిచేస్తుంది. అయితే 15 జీబీ చోటును డ్రైవ్, ఫొటోలతో కలిసి పంచుకోవాలి. పెళ్లి ఫొటోలు చేరాయంటే మెయిల్‌కి మిగిలేది కొంచెమే.

ఫోన్లో కె-నైన్ మెయిల్ అనే మెయిల్ యాప్ వాడేవాణ్ణి. ఆ యాప్ పునాది మీదే 2024 అక్టోబర్లో ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్ వచ్చింది, దానికి మారాను. నిలకడగా పనిచేస్తోంది.

ఐమ్యాప్ ఉంది కదా, అన్నిచోట్లా కాపీలున్నాయి కదా అని ధైర్యంగా ఉండకండి. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది. మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి పాత మెయిళ్లు శుభ్రం చేస్తూ డొమైన్ అకౌంట్లో ఒక క్లయింటు ఫోల్డర్ తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేసింది. నిమిషాల్లో మూడు పరికరాల్లోనూ మాయం. నేను ప్రతి నెలా మొదటి శనివారం మెయిళ్లను థండర్‌బర్డ్‌లోని లోకల్ ఫోల్డర్లకు (సర్వర్‌తో సంబంధం లేకుండా కంప్యూటర్లోనే ఉండేవి) కాపీ చేసి, థండర్‌బర్డ్ మెయిళ్లూ సెట్టింగులూ ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్కులో పెడతాను. ఆ కాపీ ఉండబట్టి, పోయిన రోజు సాయంత్రానికల్లా ఫోల్డర్ తిరిగి సర్వర్లోకి చేరింది. దొరకనివి ఆ వారం వచ్చిన నాలుగు మెయిళ్లే. వాటిని క్లయింటును అడిగి మళ్లీ పంపించుకున్నాం.