ఇళ్ల లెక్కా, కళ్ల లెక్కా: అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ విస్తరణలో ఏ దారి మేలు?

2024 నవంబరు 30న ఒహాయో స్టేట్‌తో ఆడటానికి కొలంబస్ నగరానికి వచ్చేసరికి మిషిగన్ జట్టు ఆ సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు గెలిచి ఐదు ఓడిపోయి ఉంది. ర్యాంకు లేదు, ఛాంపియన్‌షిప్ ఆశ లేదు. అయినా ఫాక్స్ చానల్‌లో ఆ మ్యాచ్‌ను సగటున కోటీ 23 లక్షల మంది చూశారు. మిషిగన్ 13–10తో గెలిచి అందరినీ ఆశ్చర్యపరిచింది. వారం తిరిగాక, ఆ రెండు జట్లూ ఉన్న బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) ఫైనల్‌లో, అప్పటికి ఓటమి ఎరుగని ఒరెగాన్‌కూ పెన్ స్టేట్‌కూ మధ్య టైటిల్ పోరు జరిగితే, సీబీఎస్‌లో చూసినవారు సుమారు కోటీ 5 లక్షలు. రెండో మ్యాచ్‌లో ట్రోఫీ ఉంది. మొదటిదానిలో 1897 నుంచి కొనసాగుతున్న పంతం ఉంది. జనం పంతానికే ఎక్కువగా కూర్చున్నారు.

కాన్ఫరెన్సులు కొత్త సభ్యులను చేర్చుకునేటప్పుడు చానల్ చేరే ఇళ్లను లెక్కపెట్టడం మేలా, నిజంగా ఆట చూసే కళ్లను లెక్కపెట్టడం మేలా అని తేల్చేటప్పుడు నేను మొదట చూసేది ఈ రెండు అంకెలనే.

ఈ ఆటతో పరిచయం లేనివారికి కొంత నేపథ్యం చెప్పాలి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులుగా ఏర్పడి, ఎక్కువ మ్యాచ్‌లు తమలో తాము ఆడుకుని, ప్రసార హక్కులను ఉమ్మడిగా అమ్ముతాయి. ఒకప్పుడు ఆ హక్కులు కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఏ జట్టు టీవీలో ఎన్నిసార్లు కనిపించాలో ఆ సంస్థే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాల పక్షం దావా వేయగా, 1984లో సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో ఆ పట్టు విడిపించింది. ఎవరి ఆటను వారు అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది. ఎవరితో కలిసి అమ్ముకుంటే ఎక్కువ డబ్బు వస్తుందన్న వెతుకులాట కూడా అక్కడి నుంచే మొదలైంది.

ఆ వెతుకులాటలో మొదట బలంగా నిలిచిన దారి ఇళ్లను లెక్కపెట్టడం. 2007లో బిగ్ టెన్ ఫాక్స్‌తో కలిసి సొంత చానల్ ప్రారంభించింది. ఆ చానల్ ఎన్ని ఇళ్లకు చేరితే అన్ని ఇళ్ల లెక్కన కేబుల్ సంస్థ చానల్‌కు నెలకు కొంత చెల్లిస్తుంది. ఆ ప్రాంతంలో సభ్య విశ్వవిద్యాలయం ఉంటే ఆ మొత్తం పెరుగుతుంది. ఇంట్లోవారు మ్యాచ్ చూసినా చూడకపోయినా అది బిల్లులో పడుతుంది. 2012 నవంబరులో మేరీల్యాండ్‌ను, రట్గర్స్‌ను చేర్చుకుంటున్నట్లు బిగ్ టెన్ ప్రకటించడానికి ముఖ్య కారణం ఇదే. ఒకటి రాజధాని వాషింగ్టన్ పక్కన ఉంది, మరొకటి న్యూయార్క్ పక్కన ఉంది. 1869లో మొట్టమొదటి కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌గా చెప్పుకునే ఆటలో ప్రిన్స్‌టన్‌ను ఓడించింది రట్గర్సే. ఆ గౌరవాన్ని ఎవరూ కాదనరు. కానీ శనివారం రట్గర్స్ ఆట కోసం పనులు మానుకుని కూర్చునే నగరం కాదు న్యూయార్క్.

ఆ లెక్క ఆనాటికి ఫలించింది. నిలవలేదు. 2011 ప్రాంతంలో క్రీడల కేబుల్ చానల్ ఈఎస్‌పీఎన్ దాదాపు 10 కోట్ల ఇళ్లకు చేరేది. ఇప్పుడు ఆ సంఖ్య 7 కోట్ల లోపే. కేబుల్ కనెక్షన్ తీసేసిన ఇంటి నుంచి పైసా రాదు. ఇళ్ల కోసం చేర్చుకున్న సభ్యులు మాత్రం అలాగే ఉంటారు, సమాన వాటా తీసుకుంటారు. పదేళ్ల టీవీ వ్యాపార పద్ధతిని నమ్మి వందేళ్ల కాన్ఫరెన్స్ రూపం మార్చడం దూరదృష్టి కాదని నా అభిప్రాయం.

పశ్చిమాన ఉన్న పాక్-12 కాన్ఫరెన్స్ ఇంకో దారి పట్టింది. 2012లో సొంత చానళ్లు పెట్టి, భాగస్వామి ఎవరూ లేకుండా లాభమంతా తానే ఉంచుకోవాలనుకుంది. ఉద్దేశం మంచిదే. కానీ డైరెక్‌టీవీ వంటి పెద్ద ఉపగ్రహ ప్రసార సంస్థతో ఒప్పందం కుదరలేదు. భాగస్వామిగా పెద్ద టీవీ సంస్థ లేకపోతే బేరమాడే బలం ఉండదని ఆలస్యంగా తెలిసింది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్తున్నట్లు ప్రకటించడంతో ఆ నగరం చేజారింది. ఆ అక్టోబరులోనే మరో కాన్ఫరెన్స్ బిగ్ 12 ముందుగా మేలుకుని ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఒప్పందం పొడిగించుకుంది. పాక్-12కు చివరకు మిగిలింది చందాదారుల సంఖ్యను బట్టి సొమ్ము పెరిగే ఆపిల్ ప్రతిపాదన. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులోనే ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు వెళ్తున్నట్లు తేలిపోయింది. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ తీరపు ఏసీసీ కాన్ఫరెన్స్‌లో చేరడం ఖాయమైంది. 1915 నుంచి వేళ్లూనుకున్న వ్యవస్థలో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి.

పశ్చిమ రాష్ట్రాల్లో ప్రేక్షకులు లేకనే ఇదంతా జరిగిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 2023 సెప్టెంబరులో డియాన్ శాండర్స్ శిక్షణలోని, అప్పటికి పాక్-12లోనే ఆడుతున్న కొలరాడో జట్టు, పొరుగున ఉన్న కొలరాడో స్టేట్‌తో ఆడిన మ్యాచ్ తూర్పు తీరం గడియారం ప్రకారం రాత్రి రెండు దాటాక ముగిసింది. అయినా సగటున 93 లక్షల మంది చూశారు. పొరుగు జట్టుతో పోటీ, మాట్లాడుకోవడానికి ఒక కథ ఉంటే జనం అర్ధరాత్రయినా మేలుకుంటారు. లోపం ప్రేక్షకుల్లో లేదు, అమ్మిన తీరులో ఉంది.

ఇక ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ. 2012లో టెక్సాస్ ఏ అండ్ ఎం, మిస్సోరి చేరాయి. 2024 జులైలో టెక్సాస్, ఓక్లహోమా చేరాయి. వీటిలో ఒక్కటీ ఇళ్ల లెక్క కోసమే తెచ్చుకున్నది కాదు. పెద్ద పేరు, బలమైన అభిమానం ఉన్న జట్లు ఇవి. పైగా ఇవన్నీ అప్పటికే ఉన్న సభ్యుల రాష్ట్రాలను ఆనుకున్న రాష్ట్రాల్లోవే. టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం మధ్య 1894లో మొదలైన పోటీ 2011లో ఆగిపోయింది. 2024లో తిరిగి మొదలైంది. ఆగిన 13 ఏళ్లలో ఆ రెండు విశ్వవిద్యాలయాల ఊళ్లు ఆస్టిన్‌లోనూ కాలేజ్ స్టేషన్‌లోనూ చదివి, ఆ మ్యాచ్ ఒక్కసారి కూడా చూడకుండానే పట్టా పుచ్చుకున్న విద్యార్థులు ఎందరో. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలూ వారిలో ఉన్నారు. వారికి ఆ పోటీ తిరిగి రావడం చిన్న విషయం కాదు.

ఎస్‌ఈసీ చేతికీ మరక ఉంది. ఓక్లహోమా వెళ్లిపోవడంతో ఓక్లహోమా స్టేట్‌తో ఏటా జరిగే పోటీ 2023 నవంబరులో స్టిల్‌వాటర్‌లో ముగిసింది. చివరి మ్యాచ్ ఓక్లహోమా స్టేట్ 27–24తో గెలిచింది. ఒకే రాష్ట్రంలో రెండు ఊళ్ల మధ్య నూరుసార్లకు పైగా జరిగిన ఆటను నష్టాల ఖాతాలో రాయాల్సిందే. అయినా మొత్తమ్మీద కలిపినవి ఎక్కువ, తెంచినవి తక్కువ. ఫలితం తెర మీద కనిపిస్తోంది. 2024 డిసెంబరులో జార్జియా, టెక్సాస్ మధ్య జరిగిన ఎస్‌ఈసీ ఫైనల్‌ను ఏబీసీలో సుమారు కోటీ 66 లక్షల మంది చూశారు. అదే రోజు బిగ్ టెన్ ఫైనల్ కంటే 60 లక్షలు ఎక్కువ.

డబ్బు మాత్రమే కొలమానమైతే బిగ్ టెన్‌దే పైచేయి, అది దాచకూడదు. ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో 2023 నుంచి అమలైన ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైనే. మధ్యాహ్నం ఫాక్స్‌లో, 3:30కి సీబీఎస్‌లో, రాత్రి ఎన్‌బీసీలో శనివారమంతా బిగ్ టెన్ కనిపిస్తుంది. పశ్చిమ తీరపు జట్లు చేరాక ఆ తర్వాత ఇంకో ఆట కూడా వేయవచ్చు. 2023–24లో పూర్తి వాటా ఉన్న బిగ్ టెన్ సభ్యుడికి సుమారు 6 కోట్ల 30 లక్షల డాలర్లు ముడితే, ఎస్‌ఈసీ సభ్యుడికి 5 కోట్ల 25 లక్షలు ముట్టాయి. 2024 అక్టోబరులో ఒహాయో స్టేట్‌ను ఒరెగాన్ 32–31తో ఓడించిన రాత్రి ఎన్‌బీసీలో చూసినవారు కోటికి దగ్గర. దూరపు జట్ల మధ్య పోటీ కూడా రెండూ బలంగా ఉన్నప్పుడు పండుతుంది. అయితే రెండూ ఒకే ఏడాది బలంగా ఉండటం ఎవరి చేతిలోనూ లేదు. మిషిగన్ బలహీనపడిన ఏడాది కూడా ఒహాయో స్టేట్‌తో ఆట నిలబడింది. ఒరెగాన్ బలహీనపడిన ఏడాది రట్గర్స్‌తో దాని ఆట ఎవరిని కూర్చోబెడుతుంది?

ఏసీసీ పరిస్థితి వేరు. ఈఎస్‌పీఎన్‌తో 2036 వరకు ఒప్పందం ఉంది. ఇతరులతో పోలిస్తే ఆదాయం తక్కువని ఫ్లోరిడా స్టేట్ 2023 డిసెంబరులో, క్లెమ్సన్ 2024 మార్చిలో కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చిలో రాజీ కుదిరింది. ప్రసార ఆదాయంలో 60 శాతాన్ని టీవీ వీక్షణను బట్టి పంచుతారు, 40 శాతాన్ని సమానంగా పంచుతారు. కళ్ల లెక్కకు ఇంతకంటే సూటి రూపం ఉండదు. అయినా నాకు ఇది న్యాయంగా తోచదు. ఏ మ్యాచ్ ఏ చానల్‌లో, ఏ వేళకు వేయాలో టీవీ సంస్థ నిర్ణయిస్తుంది. ఏబీసీలో రాత్రి వేళ పడిన ఆటనూ, కాన్ఫరెన్స్ చానల్‌లో మధ్యాహ్నం పడిన ఆటనూ ఒకే తక్కెడలో తూచి డబ్బు పంచితే, ముందే ఎదిగినవారికి మంచి వేళ, మంచి వేళ వల్ల మళ్లీ ఎక్కువ డబ్బు. వేక్ ఫారెస్ట్ వంటి చిన్న విశ్వవిద్యాలయం ఈ వలయం నుంచి బయటపడేది ఎలా?

నోటర్ డేమ్ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరకుండా ఒంటరిగా ఉంది. 1991 నుంచి ఎన్‌బీసీతో సొంత ఒప్పందం ఉంది, 2029 వరకు పొడిగించారు. దేశమంతటా అభిమానులున్న ఆ ఒక్క జట్టుకే అది చెల్లుతుంది. మిగతావారికి అది పోల్చదగిన మార్గం కాదు.

ఈ లెక్కలన్నిటిలో కనిపించని వారు ఇతర క్రీడాకారులు. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్క ఆట ఆడుతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ ఆడే విద్యార్థులు వారం మధ్యలో కూడా ప్రయాణిస్తారు. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ దాదాపు 4,000 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి దుబాయ్ దూరానికి ఒకటిన్నర రెట్లు. సమయంలో మూడు గంటల తేడా. ఫుట్‌బాల్ టీవీ ఒప్పందం కోసం ఈతగత్తెలూ వాలీబాల్ ఆడపిల్లలూ విమానాశ్రయాల్లో చదువుకోవాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది. ఫుట్‌బాల్‌ను విడిగా ఒక కాన్ఫరెన్స్‌లో ఉంచి, మిగతా ఆటలను దగ్గరి కాన్ఫరెన్స్‌లో ఆడించడం అసాధ్యమేమీ కాదు. నోటర్ డేమ్ 2013 నుంచి ఇతర క్రీడలు చాలావరకు ఏసీసీలో ఆడుతూ, ఫుట్‌బాల్‌ను విడిగానే ఉంచుకుంది.

నన్ను ఎంచుకోమంటే ఎస్‌ఈసీ దారినే ఎంచుకుంటాను. 2026 నుంచి అక్కడ ఒక్కో జట్టు తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడుతుంది. అందులో ముగ్గురు ప్రత్యర్థులు ఏటా ఉంటారు, మిగతా ఆరుగురు మారుతుంటారు. టెక్సాస్‌కు ఏటా ఓక్లహోమా, టెక్సాస్ ఏ అండ్ ఎం, అర్కాన్సాస్ ఉంటాయి. ముగ్గురూ పొరుగువారే, ముగ్గురితోనూ పాత లెక్కలున్నాయి. 18 జట్ల బిగ్ టెన్ కూడా తొమ్మిది మ్యాచ్‌లే ఆడుతుంది కానీ, కొన్ని పోటీలకే ఏటా జరిగే రక్షణ ఇస్తుంది. పెన్ స్టేట్‌కు అలాంటిది ఒక్కటీ లేదు. అంత పెద్ద జట్టుకు ఏటా ఎదురుచూసే ప్రత్యర్థి లేకపోవడం ఆ కాన్ఫరెన్స్ వెంటనే దిద్దుకోవాల్సిన లోపం.

అంతకంటే ముందు చేయాల్సిన పని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ మధ్య ఆపిల్ కప్ నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ వారంలో జరిగేది. కాన్ఫరెన్సులు వేరయ్యాక 2024లో దాన్ని సెప్టెంబరుకు జరిపారు, పీకాక్ స్ట్రీమింగ్‌లో మాత్రమే చూపించారు. జార్జియా–జార్జియా టెక్, ఫ్లోరిడా–ఫ్లోరిడా స్టేట్, సౌత్ కరోలినా–క్లెమ్సన్ జట్లు కూడా వేర్వేరు కాన్ఫరెన్సుల్లోనే ఉన్నాయి. అయినా వాటి మ్యాచ్‌లు ఏటా థాంక్స్‌గివింగ్ వారంలోనే జరుగుతున్నాయి. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్‌ల ఊళ్లు సియాటిల్‌కూ పుల్‌మన్‌కూ అదే వారాన్ని తిరిగి ఇవ్వడానికి బిగ్ టెన్‌కు కొత్త ఒప్పందమేమీ అక్కర్లేదు, షెడ్యూల్‌లో ఒక్క శనివారం ఖాళీ ఉంచితే చాలు.