నడుములో మత్తు ఇచ్చాక ముసలివాళ్లకు బీపీ పడిపోతే ఏది మేలు: సెలైనా, ఇంజెక్షనా?

తుంటి ఎముక విరిగిన 75 ఏళ్ల అవ్వకు నడుములో మత్తు ఇచ్చానంటే, మొదటి 20 నిమిషాలు నా చూపంతా బీపీ మీదే. ఆ మందు కాళ్లతో పాటు, రక్తనాళాలను బిగించి ఉంచే నరాలనూ మొద్దుబారుస్తుంది. నాళాలు వదులై రక్తం కాళ్లలోనే ఆగిపోతుంది. వయసులో ఉన్న గుండె వేగం పెంచి సర్దుకుంటుంది. ముసలి గుండెకు ఆ సత్తువ తక్కువ.

"ఇంకో రెండు బాటిళ్లు ఎక్కించండి సార్" అంటారు ఇంటివాళ్లు. మన నల్లగొండ వైపు సెలైన్ అంటేనే బలం. కింద పడ్డప్పటి నుంచి సరిగా తాగనివాళ్లకు, రక్తం పోయినవాళ్లకు అది కావాల్సిందే. కానీ వదులైన నాళాలను నీళ్లు బిగించలేవు. ముందే లీటరు ఎక్కిస్తే చాలాభాగం కాసేపట్లోనే నాళాలు దాటిపోతుంది. గుండె బలహీనమైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందేమోనని నాకు టెన్షన్. అందుకే మత్తు ఇచ్చేటప్పుడే మొదలుపెట్టి, 250 మిల్లీలీటర్ల చొప్పున చూసుకుంటూ ఇస్తాను.

నా మొగ్గు నాళాలను బిగించే ఇంజెక్షన్ వైపే. ఫినైలెఫ్రిన్ 50 నుంచి 100 మైక్రోగ్రాములు ఇస్తే నాళాలు వెంటనే బిగుస్తాయి, నాడి మాత్రం తగ్గుతుంది. కాబట్టి నాడి 50కి దిగినవాళ్లకు అది వద్దు, నాడిని కూడా లేపే మెఫెంటర్మిన్ 3 నుంచి 6 మిల్లీగ్రాములు మేలు. నాడి 90 దాటి, గుండె జబ్బు కూడా ఉంటే ఫినైలెఫ్రినే.

వీటన్నిటికన్నా ముందు, అసలు బీపీ అంతగా పడకుండా చూడొచ్చు. నడుములో ఇచ్చే మత్తుమందు బుపివకైన్ 15 మిల్లీగ్రాముల బదులు 7.5 నుంచి 10 ఇచ్చి, కొంచెం ఫెంటానిల్ అనే నొప్పి మందు కలిపితే చాలామందికి సరిపోతుంది. చిక్కల్లా ఆపరేషన్ సాగితే మత్తు మధ్యలో దిగిపోవడమే. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు సూది ఒక్కసారి దిగడమే గగనం, రెండోసారి గుచ్చుదామంటే కుదరదు. వాళ్లకు మోతాదు మరీ తగ్గించను. ఫినైలెఫ్రిన్‌ను సిరంజి పంపు మీద సన్నగా నడిపిస్తూ బీపీని పట్టుకుంటాను.

ఇంటివాళ్లను ముందురోజే రెండు అడుగుతాను. బీపీకి ఏ గోళీ వాడుతున్నారు? టెల్మిసార్టన్ లాంటిదైతే ఆపరేషన్ రోజు పొద్దున ఆపమంటాను. రాత్రి నుంచి గొంతు తడపకుండా ఉంచుతున్నారా? ఇతర ఇబ్బంది లేకపోతే మత్తుకు 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తాగించమంటాను.