నయాగరా దారిలో లూసీ ఊరు

నయాగరా జలపాతం గురించి మన కడప వాళ్లే ఎందరో రాశారు, ఇంకా రాస్తారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు అది చూడకుండా తిరిగిరారు. మేమూ చూశాం. నేను మాత్రం అక్కడికి రెండు గంటల ముందు దారి మళ్లి, రెండు రాత్రులు ఆగిన జేమ్స్‌టౌన్ గురించి రాస్తాను. న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి కొసన, షటాక్వా సరస్సు చివర ఉన్న ఊరది. జనాభా 30 వేల లోపే. ఒకప్పుడు కుర్చీలు, బల్లలు, బీరువాలు చేసి అమ్మి బతికిన ఊరు. ఇప్పుడు బయటివాళ్లు అక్కడికి వెళ్లేది నవ్వుల కోసం. టీవీలో అమెరికాను నవ్వించిన హాస్యనటి లూసిల్ బాల్ 1911 ఆగస్టు 6న అక్కడే పుట్టింది.

ఆవిడ పేరు నిరుడు ఈ రోజులకు నేను విననైనా లేదు. మా వారికి మోకాలి ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు క్లీవ్‌లాండ్‌లోని అబ్బాయి ఇంటికి వెళ్లాం. నడక కుదుటపడింది కానీ మనిషి కుదుటపడలేదు. కిటికీ పక్కన కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవారు. పిలిస్తే పలకడమే తప్ప తనంతట తాను మాట్లాడేవారు కాదు. ఒక సాయంత్రం తొమ్మిదేళ్ల మనవరాలు పాత నలుపు తెలుపు కార్యక్రమం ఒకటి పెట్టింది. దాని పేరు 'ఐ లవ్ లూసీ', అందులో లూసీగా వేసింది ఈవిడే. ఇద్దరు ఆడవాళ్లు చాక్లెట్ల ఫ్యాక్టరీలో పనికి చేరతారు. కదిలే పట్టీ మీద వరుసగా వచ్చే చాక్లెట్లకు కాగితం చుట్టాలి. వేగం పెరుగుతుంది. చుట్టలేక నోట్లో కుక్కుకుంటారు, టోపీల కింద దాస్తారు, జాకెట్లలో వేసుకుంటారు. అజమాయిషీ చేసే ఆవిడ వచ్చి చూసి, పని బాగా సాగుతోందని మురిసిపోయి వేగం ఇంకా పెంచమంటుంది. 1952లో ప్రసారమైన భాగమది. భాష ఒక్క ముక్క రాకపోయినా అర్థమవుతుంది. మా వారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆ నవ్వు విని నెలలైంది. వంటింట్లో ఉన్నదాన్ని గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చాను.

మర్నాడు ఆయనే "ఆ చాక్లెట్ల అమ్మాయిని పెట్టు తల్లీ" అని మనవరాలిని అడిగారు. అప్పటినుంచి రోజుకొక భాగం. నయాగరా ప్రయాణం అనుకున్నప్పుడు అబ్బాయి, "నాన్నా, ఆవిడ ఊరు దారికి కొంచెం పక్కనే ఉంది, మ్యూజియం కూడా ఉందట" అన్నాడు. మా వారు సమాధానం చెప్పకుండా లేచి వెళ్లి, చేతికర్ర తెచ్చుకుని కూర్చున్నారు.

క్లీవ్‌లాండ్ నుంచి జేమ్స్‌టౌన్‌కు కారులో రెండున్నర గంటలు పట్టింది. విమానంలో వచ్చేవాళ్లకు బఫెలో అనువు, అక్కడినుంచి దాదాపు 120 కిలోమీటర్లు. ఎలా వచ్చినా సొంత కారో, అద్దె కారో ఉండాలి. మేము వెళ్లింది అక్టోబరు మొదటి వారంలో. దారి పొడవునా చెట్లు కుంకుమ రంగుకు, పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. ఆగస్టులో లూసిల్ బాల్ పేరున హాస్యోత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టమట. రద్దీ పడనివాళ్లకు మేము వెళ్లిన కాలమే మంచిది. అయితే వేసవి దాటాక మ్యూజియాలు తెరిచే రోజులు, వేళలు మారుతుంటాయి కనుక ముందే చూసుకుని బయలుదేరాలి.

బస విషయంలో మొదటి రోజు దెబ్బతిన్నాం. ఊరి నడుమ ఒక హోటల్లో రాత్రికి 130 డాలర్లకు గది తీసుకున్నాం. లిఫ్టు ఉందని చూసుకునే తీసుకున్నాం. తీరా వెళ్తే లిఫ్టు పనిచేయడం లేదు, మాకిచ్చిన గది మూడో అంతస్తులో. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి అని చెప్పినా, కింద గది ఖాళీ అయ్యేదాకా గంటన్నర కూర్చోబెట్టారు. ఒక్కరైనా వచ్చి మంచినీళ్లు కావాలా అని అడగలేదు. లిఫ్టు పాడైన సంగతి ముందుగా ఫోను చేసి చెప్పి ఉంటే మేము వేరే చోటు చూసుకునేవాళ్లం. పెద్దవాళ్లతో వెళ్లేవారు బయలుదేరే రోజు ఉదయం ఫోను చేసి, కింది అంతస్తులోనే గది ఇస్తున్నారా అని నోటితో అడిగి తెలుసుకోండి.

రెండో రాత్రి సరస్సు ఒడ్డున వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకు దొరికింది. హోటల్ కంటే పాతిక డాలర్లు ఎక్కువైనా దానికే నా ఓటు. మెట్లు లేవు. కోడలు అన్నం వండింది. నేను తెచ్చిన చెనిక్కాయల పొడి, నెయ్యి, గోంగూర పచ్చడితో తిన్నాం. అంతకుముందు రోజంతా రొట్టె ముక్కలు, జున్ను, పచ్చి ఆకులతో గడిపిన మా వారికి ప్రాణం లేచివచ్చింది. శాకాహారులు ఈ ఊళ్లో భోజనం గురించి ముందే ఆలోచించుకోవాలి.

ఇక అసలు సంగతి. లూసీ డెసీ మ్యూజియం వెస్ట్ థర్డ్ స్ట్రీట్‌లో ఉంది. 1996లో తెరిచారు. లూసిల్ బాల్, ఆమె భర్త డెసీ ఆర్నెజ్ ఇద్దరి జీవితాలనూ చెప్పే చోటు. ఆయన క్యూబాలోని శాంటియాగోలో పుట్టి, ఉన్న ఊరు వదిలి వచ్చి పాటతో, వాద్యంతో నిలదొక్కుకున్న మనిషి. పెద్ద భవనం కాదు. టికెట్టు ఇచ్చే ఆవిడ మా వారి చేతికర్ర చూసి, అడగకుండానే మడత కుర్చీ తెచ్చిచ్చింది. "ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చుని చూడండి, తొందరేమీ లేదు" అంది. హోటల్లో పడిన నొప్పి ఆ ఒక్క మాటతో పోయింది.

ఆ కార్యక్రమంలోని న్యూయార్క్ ఇంటి ముందుగదిని, హాలీవుడ్ హోటల్ గదిని అక్కడ మళ్లీ కట్టి నిలబెట్టారు. నెలల తరబడి చిన్న తెర మీద చూసిన ఇల్లు ఎదురుగా నిలబడితే, ఎరిగిన వాళ్లింటికి వెళ్లినట్టే అనిపించింది. మా వారు ఆ గది ముందు కుర్చీ వేసుకుని అరగంట కూర్చున్నారు. ఏమి చూస్తున్నారని అడిగితే, "ఆ తలుపులోంచి ఆమె రావాలి కదా" అన్నారు.

మనవరాలికి నచ్చింది మరొకటి. ఒక భాగంలో లూసీ బలం మందుకు టీవీ ప్రకటన చేస్తుంది. మందు పేరు పలకడమే కష్టం, పైగా అందులో 23 శాతం సారాయే. అభ్యాసం పేరుతో చెంచా తర్వాత చెంచా తాగుతూ ఉంటే నాలుక మడతపడుతుంది. మ్యూజియంలో ఆ సీసా, చెంచా పెట్టి, ఆ మాటలు మనమూ చెప్పి చూసుకునే ఏర్పాటు చేశారు. మనవరాలు నిలబడి చెప్పింది. పక్కన చూస్తున్న ఒక ముసలావిడ వచ్చి, మొదటి చెంచాకు ముఖం ఎంత చిట్లించాలో, నాలుగో చెంచాకు చిరునవ్వు ఎక్కడ మొదలవ్వాలో చూపించింది. రెండోసారి పిల్ల చేస్తే గదిలో ఉన్న పదిమందీ చప్పట్లు కొట్టారు. నవ్వించడం వెనుక ఎంత లెక్క ఉంటుందో నాకు అక్కడ తెలిసింది. ఆ చెంచా నోటికి చేరే లోపల కళ్లు చేయాల్సిన పని, పెదవి చేయాల్సిన పని వేరువేరు.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఒక సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. లూసీకి మూడేళ్ల వయసులో తండ్రి టైఫాయిడ్‌తో చనిపోయాడు. తాతయ్య నాటకాలకు తీసుకెళ్లేవాడు. పదిహేనేళ్ల వయసులో న్యూయార్క్ నాటక పాఠశాలకు పంపితే, ఈ పిల్లకు బిడియం ఎక్కువ, డబ్బు దండగ అని ఇంటికి పంపేశారు. బడిలో వెనుక బెంచీల్లో తల దించుకుని కూర్చున్న నా పిల్లల ముఖాలు ఎన్నో గుర్తుకొచ్చాయి. వాళ్లలో ఎవరి గురించైనా నేను అలాంటి మాట రాసి ఉంటానేమోనన్న భయం కూడా కలిగింది.

ఆ బిడియపు పిల్ల తర్వాత ఏం చేసిందో చెప్పాలి. 1951 అక్టోబరు 15న ఈ కార్యక్రమం మొదలైంది. అప్పట్లో టీవీ నాటకాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దూరప్రాంతాల వాళ్లకు టీవీ తెరనే ఫిల్ముపై పట్టి తీసిన మసక బొమ్మలు వెళ్లేవి. లూసీ, డెసీ హాలీవుడ్ వదిలి రామన్నారు. అసలైన సినిమా ఫిల్ము మీద, మూడు కెమెరాలతో, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి తీస్తామన్నారు. ఖర్చు పెరుగుతుందంటే తమ జీతం తగ్గించుకుని, బదులుగా ఆ ఫిల్ముల మీద హక్కు తీసుకున్నారు. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ మూడు కెమెరాలకూ సరిపడేలా వెలుతురు అమర్చాడు. డెబ్బై ఏళ్ల తర్వాత క్లీవ్‌లాండ్‌లో మా వారు నవ్వగలిగారంటే, ఆ రోజు వాళ్లు ఫిల్ము కోసం పట్టుబట్టబట్టే.

ఆమె కడుపుతో ఉన్నప్పుడు కథలోనూ ఆ సంగతే పెట్టారు. గర్భం అనే మాట మాత్రం టీవీలో పలకకూడదన్నారట. కథలో బిడ్డ పుట్టిన భాగం 1953 జనవరి 19న ప్రసారమైతే 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. అదే రోజు ఆమెకు నిజంగా కొడుకు పుట్టాడు. 1960లో భార్యాభర్తలు విడిపోయారు. 1962లో ఆమె భర్త వాటా కొనుక్కుని, ఇద్దరూ కలిసి పెట్టుకున్న డెసీలూ స్టూడియోకు తానే అధిపతి అయింది. పెద్ద టీవీ స్టూడియోను నడిపిన తొలి మహిళ ఆమే. నా కోడలు ఆఫీసులో పదిమందికి పై అధికారి. ఆ బొమ్మల ముందు ఆమె చాలాసేపు నిలబడింది.

రెండో రోజు ఉదయం నేషనల్ కామెడీ సెంటర్‌కు వెళ్లాం. మ్యూజియం నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. 2018 ఆగస్టు 1న తెరిచిన కొత్త భవనం. తన ఒక్కదాని గురించే కాకుండా హాస్యకళ మొత్తాన్నీ తన ఊరు గౌరవించాలని లూసీ కోరుకుందట. ఆ కోరికే ఇది. వెళ్లగానే చేతికి ఒక పట్టీ కడతారు. మనకు ఎలాంటి హాస్యం ఇష్టమో అడిగి, దానికి తగ్గట్టు లోపలి తెరలు మనకు బొమ్మలు చూపిస్తాయి. అబ్బాయి, మనవరాలు మూడు గంటలు బయటికి రాలేదు. నాకూ మా వారికీ గంటన్నర చాలనిపించింది. తాకే తెరలు, చప్పుళ్లు ఎక్కువ. వాళ్ల రాజకీయాల మీద, వాళ్ల మాటల మీద అల్లిన చలోక్తులు బయటివాళ్లకు అందవు. కింది అంతస్తులో పెద్దలకు మాత్రమే అనుమతించే గది ఒకటి ఉంది, పిల్లలతో వెళ్లేవారు గమనించుకోవాలి. నాకు నచ్చింది జార్జ్ కార్లిన్ అనే హాస్యగాడి చేతిరాత కాగితాలు. తోచిన ప్రతి ముక్కా రాసి, వర్గాలుగా విడదీసి దాచుకున్నాడాయన. రెండింటికీ కలిపి టికెట్టు తీసుకున్నాం. ఒక్కటే చూసే సమయం ఉన్న పెద్దవాళ్లకు లూసీ మ్యూజియమే చెబుతాను.

పక్కనే సెలరాన్ అనే పల్లె ఉంది, ఆమె పెరిగిన చోటు. సరస్సు ఒడ్డున పార్కులో ఆమె కంచు విగ్రహాలు రెండు. 2009లో పెట్టిన మొదటిది ఆమెలా లేదని, చూస్తే భయం వేస్తోందని జనం గోల పెట్టారు. 2016లో ఆమె పుట్టినరోజున కొత్తది పెట్టారు, పాతదాన్ని పారేయకుండా అక్కడే ఉంచారు. కొత్త విగ్రహం పక్కన మా వారు నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన అడిగి తీయించుకున్న మొదటి ఫొటో అది.

ఆ రాత్రి సరస్సు ఇంట్లో అన్నం తిన్నాక మాట మన హాస్యనటుడు పద్మనాభం మీదికి మళ్లింది. మా వారిది పులివెందుల వైపు. 1931లో సింహాద్రిపురంలో పుట్టిన పద్మనాభం వాళ్లకు సినిమా మనిషి కంటే ముందు సొంత మనిషి. నటించాడు, పద్యాలు పాడాడు, సినిమాలు తీశాడు, దర్శకత్వం చేశాడు. 1967లో వచ్చిన తన సినిమాతో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని గాయకుడిగా పరిచయం చేసింది ఆయనే. 2010లో కన్నుమూశాడు. మన కడపకు దాచుకోవడం తెలియనిది కాదు. ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట గ్రంథాలయం కట్టుకున్నాం. మ్యూజియంలో రాతి శిల్పాలు, శాసనాలు జాగ్రత్త చేసుకున్నాం. పద్మనాభానికి ఒక గది ఇవ్వాలని నా గట్టి కోరిక. ఆయన పద్యం వినిపించాలి, హాస్యం ఎలా పండించేవాడో పిల్లలు నిలబడి చేసి చూసుకోవాలి.

"గది సంగతి తర్వాత, ముందు ఆయనను ఎరిగినవాళ్లు ఎంతమంది మిగిలారో చూడాలి" అన్నారు మా వారు.

మర్నాడు నయాగరాకు వెళ్లే ముందు లేక్ వ్యూ శ్మశానవాటికలో ఆగాం. 1989లో లాస్ ఏంజెలెస్‌లో పోయిన లూసీ చితాభస్మాన్ని తర్వాత పిల్లలు ఇక్కడికి, ఆమె తల్లి దగ్గరికి తెచ్చారు. రాతి మీద 'ఇంటికి వచ్చేశావు' అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంది. మనవరాలు దారిలో ఏరుకున్న ఎర్రటి ఆకులు అక్కడ పెట్టింది.

కడప చేరి పన్నెండు రోజులైంది. నిన్న సాయంత్రం మా వారు చేతికర్ర లేకుండా బస్టాండుకు నడిచి వెళ్లి సింహాద్రిపురం బస్సు వేళలు కనుక్కొచ్చారు. ఆదివారం పొద్దున వెళ్తున్నాం. పెద్దవాళ్లు ఎవరైనా దొరికితే వాళ్ల మాటలు రికార్డు చేయాలని ఫోనులో పాత ఫొటోలు కొన్ని తీసేసి చోటు చేసుకున్నారు. సెలరాన్ ఫొటో మాత్రం ఉంచారు.